కాడ ఉన్న పువ్వు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజినీరువి కదా, కొత్త టెక్నాలజీ గురించి ఓ అరగంట మాట్లాడు" అన్నారు. దాని మీద మాట్లాడగలిగినవాళ్లు మన సంఘంలో ఇరవైమంది ఉన్నారు, సగంమంది సంక్రాంతికని అమెరికా నుంచి దిగి ఇక్కడే కూర్చున్నారు. నేను పూల గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. "తోటల గురించా?" అన్నారు. కాదండి, కోసి తెచ్చి ఇంట్లో నీళ్లలో పెట్టుకునే పూల గురించి అన్నాను. "కడియంలో పూల గురించి చెప్తావా? హనుమంతుడి ముందు కుప్పిగంతులే!" అని నవ్వి, సరే కానివ్వమన్నారు.

ఆయన అన్నది నిజమే. ఈ హాల్లో సగం కుటుంబాలు నర్సరీల వాళ్లవి. కడియపులంకలో, బుర్రిలంకలో, వీరవరంలో, వేమగిరిలో అంటు కట్టడం రాని ఇల్లు వెతకాలి. ఏ మొక్కకి ఎంత ఎండ కావాలో, ఏ నెలలో కొమ్మ కత్తిరించాలో నేను మీకు చెప్పేదేమీ లేదు. కానీ నాదో ప్రశ్న. మీ ఇంట్లో పండగ కాని రోజున, చుట్టాలు రాని రోజున, ముందుగదిలో నీళ్లు పోసిన పాత్రలో పూలు ఎన్నిసార్లు ఉన్నాయి? మొన్న భోగి నాడు ఊళ్లో నలుగురి ఇళ్లకు వెళ్లాను. మూడిళ్లలో టీవీ పక్కన ఫ్లవర్ వాజు ఉంది. మూడింట్లోనూ ప్లాస్టిక్ పూలే. మార్కెట్టుకి వెళ్లే పూల లారీ గుమ్మం ముందు నుంచే పోతోంది, ఇంట్లోపల ప్లాస్టిక్ గులాబీ మీద దుమ్ము పడుతోంది.

దీనికి కారణం రసికత లేకపోవడం కాదు. మన పూలకి కాడ ఉండదు, అదీ కారణం. బంతి గానీ చేమంతి గానీ మల్లె గానీ కనకాంబరం గానీ తొడిమ దగ్గర తుంచుతాం. కిలోల్లెక్కన అమ్ముతాం, మూరల్లెక్కన కొంటాం. వ్యాపారంలో వీటిని విడిపూలంటారు. దేవుడికి పెట్టడానికి, జడలో తురుముకోవడానికి, గుమ్మానికి కట్టడానికి కాడ అక్కర్లేదు, అడ్డం కూడా. తెల్లవారి కోసింది సాయంత్రానికి వాడినా పరవాలేదు, అప్పటికి దాని పని అయిపోతుంది. చక్కటి ఏర్పాటే. కానీ అలాంటి పువ్వు తనలో ఉన్న నీటితోనే బతకాలి. కాడతో కోసిన పువ్వు సంగతి వేరు. దానికి పైపు ఉంది. ఆ పైపు పనిచేసినంతకాలం అది తాగుతూనే ఉంటుంది, మొగ్గ విచ్చుకుంటుంది, రంగు ముదురుతుంది. వారం, పది రోజులు మీ ఇంట్లో బతికి ఉంటుంది. ఈ అరగంటా నేను చెప్పేదంతా ఆ కాడ గురించే.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు ఓ తెల్ల చేమంతిని ఎర్ర సిరా కలిపిన నీళ్ల గ్లాసులో పెట్టి కిటికీలో ఉంచారు, గుర్తుందా? మర్నాటికి రేకుల అంచుల్లో ఎర్ర గీతలొచ్చాయి. మాస్టారు ఇవాళ మొదటి వరసలోనే ఉన్నారు, ఆ ప్రయోగం ఆయనకి గుర్తుందో లేదో గానీ నాకుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేను పంపుల మీద బతికాను. పంపులు తెలిసినవాడికి కాడ అర్థమైనంత సులువుగా ఇంకెవరికీ అర్థం కాదు.

సముద్రమట్టం దగ్గర ఎంత మంచి పంపయినా 10.3 మీటర్లకు మించి లోతునుంచి నీటిని పీల్చలేదు. నిజానికి ఏడెనిమిది మీటర్లకే మొరాయిస్తుంది. మరి మన కొబ్బరిచెట్టు ఇరవై మీటర్ల మీది మట్టకి నీళ్లెలా పంపుతోంది? కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన చెట్టు ఉంది, దాని సంగతేమిటి? 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అనే ఇద్దరు దీనికి జవాబు చెప్పారు. అందులో జోలీ చదివింది ఇంజినీరింగే, ఈ మాట కాస్త గర్వంగా చెప్తున్నాను. ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే, సన్నటి గొట్టాల్లో ఉన్న నీటి దారం మొత్తం పైకి లాగబడుతుంది. నీటి కణాలు ఒకదాన్నొకటి వదలవు. అంటే ఆ దారం ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది, లాగి కట్టిన తాడులాగా.

ఇప్పుడు కత్తి పెట్టి కాడ కోశారు. బిగుతుగా ఉన్న తాడు తెగినట్టే నీరు పైకి ముడుచుకుంటుంది, కింద ఖాళీ అయిన చోటికి గాలి దూరుతుంది. చేలో మోటారు నడిపినవాళ్లందరికీ ఈ జబ్బు తెలుసు. ఫుట్‌వాల్వు కారితే పైపులోకి గాలి చేరుతుంది. మోటారు గిర్రున తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. బిందెతో నీళ్లు పోసి మళ్లీ ప్రైమింగ్ చేయాలి. మార్కెట్ నుంచి తెచ్చిన గులాబీ నిండా నీళ్లున్న వాజులో నిలబడి మెడ వాల్చేస్తుంది చూడండి, అది దాహంతో చావడం. నీళ్లు లేక కాదు, గాలి అడ్డుపడి.

కాబట్టి పూలు ఇంటికి తేగానే చేయాల్సిన మొదటి పని ప్రైమింగ్. వెడల్పాటి బేసిన్లో గోరువెచ్చని నీళ్లు పోయండి. కాడ చివర నీళ్లలో ముంచి ఉంచి, లోపలే రెండు అంగుళాలు కోసేయండి. కోసిన చోటికి ఈసారి గాలికి బదులు నీళ్లు వెళ్తాయి. కత్తి పదునుగా ఉండాలి. మొండి కత్తెర కాడని నలిపేస్తుంది, నలిగితే గొట్టాలు మూసుకుపోతాయి. ఏటవాలుగా కోయమని అందరూ చెప్తారు. నలభై ఐదు డిగ్రీల వాలుతో కోస్తే కోత వైశాల్యం 1.41 రెట్లు అవుతుంది, లెక్క సరైనదే. కానీ గొట్టాల సంఖ్య పెరగదు కదా! అసలు లాభం ఏమిటంటే, ఏటవాలుగా ఉన్న చివర పాత్ర అడుక్కి అంటుకుపోకుండా ఉంటుంది.

రెండోది, నీటి మట్టానికి కింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు. మునిగిన ఆకు కుళ్లుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, కాడ చివర జిగురు కడుతుంది. పంపు భాషలో చెప్పాలంటే స్ట్రెయినరు పూడుకుపోవడం. రోజు విడిచి రోజు నీళ్లు మార్చి, పాత్ర తోమి, కాడ అర అంగుళం మళ్లీ కోస్తే ఇంకే మందూ అక్కర్లేదు. అంత ఓపిక లేనివాళ్లకి ఓ మిశ్రమం చెప్తాను. లీటరు నీళ్లకి ఓ పెద్ద చెంచా పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, పావు టీచెంచా బట్టల బ్లీచింగ్ ద్రావణం. పంచదార పువ్వుకి తిండి, నిమ్మరసం నీరు సులువుగా ఎక్కడానికి, బ్లీచ్ సూక్ష్మజీవులకి. ఒక జాగ్రత్త. నిమ్మరసాన్నీ బ్లీచ్‌నీ నీళ్లు లేకుండా నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, క్లోరిన్ వస్తుంది. లీటరు నీళ్లు ముందు, మిగతావి తర్వాత.

మూడోది చాలామందికి తెలియదు. ఫ్లవర్ వాజునీ పళ్లబుట్టనీ ఒకే బల్ల మీద పెట్టకండి. మాగుతున్న అరటిపండు, మామిడిపండు ఇథిలీన్ వాయువు వదులుతాయి. పండు మాగడానికి పనికొచ్చే ఆ వాయువే పువ్వుకి ముసలితనం తెస్తుంది. కార్నేషన్లయితే రేకులు ముడుచుకుని నిద్రపోయినట్టయిపోతాయి. వేసవిలో మన ఇళ్లలో మంచం కింద మామిడికాయలు ముగ్గబెడతాం కదా, ఆ గదిలో పూలు పెట్టి, అమ్మినవాణ్ణి తిట్టకండి.

ఫ్యాను కింద, ఏసీ గాలికి ఎదురుగా, టీవీ వేడికి దగ్గరగా వద్దు. రాత్రి పడుకునే ముందు పాత్ర తీసుకెళ్లి బాత్రూం నేల మీద పెట్టండి, ఇంట్లో అన్నింటికన్నా చల్లటి చోటు అదే. నవ్వుతారు గానీ, ఒక్క ఈ పనికే పూలు రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి.

ఇక ఏ పువ్వు స్వభావం దానిది. మనం లిల్లీ అనే నేల సంపంగి కింది నుంచి పైకి పూస్తుంది. అడుగు పూలు ఒకటి రెండు విచ్చిన కాడ కొనండి. వాడిన వాటిని ఎప్పటికప్పుడు గిల్లేస్తుంటే పై మొగ్గలు వరసగా విచ్చుకుంటూ పోతాయి. గ్లాడియోలస్ కూడా అంతే. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి ఉంచితే మాత్రం కొస ఆకాశం వైపు వంగిపోతుంది, మళ్లీ తిన్నగా అవదు. కారు డిక్కీలో వేసుకొచ్చేవాళ్లు గుర్తుంచుకోవాలి. జెర్బెరా కాడ నూగుగా మెత్తగా ఉంటుంది. నిండా నీళ్లు పోస్తే కాడ కుళ్లుతుంది, దానికి నాలుగు వేళ్ల నీళ్లు చాలు. బంతి మొండి ఘటం, ఎక్కడైనా బతుకుతుంది. కానీ దాని ఆకు నీళ్లని ఒక్కరోజులో కంపు చేస్తుంది, కాడకి పైన రెండు ఆకులు తప్ప అన్నీ దూసేయండి. చేమంతి అయితే నా లెక్కలో పేదవాడి పట్టుచీర. నీళ్లు మారుస్తుంటే పది రోజులు దాటి నిలుస్తుంది, పువ్వుకన్నా ముందు ఆకులే వాడిపోతాయి. మెడ వాల్చిన గులాబీని పారేయకండి. కాడ నీళ్లలో మళ్లీ కోసి, పువ్వుతో సహా న్యూస్‌పేపర్లో బిగుతుగా చుట్టి, లోతైన గోరువెచ్చని నీళ్ల బకెట్లో రెండు మూడు గంటలు నిలబెట్టండి. చాలాసార్లు లేచి నిలబడుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకి ఒక హెచ్చరిక. గన్నేరు అందంగా ఉంటుంది గానీ ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే, అది నిలబడ్డ నీళ్లు కూడా. దాన్ని పెరట్లోనే ఉండనివ్వండి.

ఇప్పటిదాకా పనితనం చెప్పాను. ఇక మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, అది చెప్పడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

మా అమ్మ మీలో చాలామందికి తెలుసు. పుట్టింది బుర్రిలంకలో. పదేళ్ల వయసు నుంచి తెల్లవారుజామున మల్లెలు కోసి, మాలలు కట్టి మార్కెట్టుకి పంపిన చేతులు ఆవిడవి. దారం చూడకుండా మూర కట్టేది. 2009లో నాన్నగారు పోయారు. పదో రోజు ఏం చేస్తారో మీకందరికీ తెలుసు, నేను చెప్పను. ఆ రోజు నుంచి అమ్మ పువ్వు ముట్టుకోవడం దేవుడి పటం కోసమే. తర్వాత కొన్నేళ్లకి మా అమ్మాయి పెళ్లిలో గుమ్మం దగ్గర ఒక చిన్నపిల్ల పళ్లెంలో పూలు పెట్టుకుని ఆడవాళ్లందరికీ ఇస్తోంది. అమ్మ దాకా వచ్చి, ముఖం చూసి, పళ్లెం పక్కకి తిప్పేసింది. ఎనిమిదేళ్లుంటాయేమో. ఎవరూ ఆ పిల్లకి చెప్పి ఉండరు, పెద్దవాళ్లని చూసి నేర్చుకుంది. అమ్మ ఏమీ అనలేదు, చీర కొంగు సర్దుకుంది. జీవితమంతా పూలు పండించి ఊరికి పంచిన మనిషి.

నాలుగేళ్ల క్రితం ఆవిడకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని మంచం నుంచి బాత్రూం దాకా, అంతే. హైదరాబాదులో మాది ఏడో అంతస్తు. ఆవిడ గది కిటికీలోంచి చూస్తే ఎదుటి అపార్టుమెంటు గోడ. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు నుంచి ఒక ఆదివారం నేల సంపంగి కాడలు ఐదు తెచ్చి, పొడుగాటి స్టీలు గ్లాసులో పెట్టి ఆవిడ మంచం పక్కన ఉంచాను.

"ఇవి ఎవరికిరా?" అంది.

"ఎవరికీ కాదమ్మా, ఊరికే."

"దేవుడికి పెట్టకుండా ఊరికే ఏంట్రా? డబ్బులు ఎక్కువయ్యాయా?"

రెండు రోజులు ఆ మాటే. మూడో రోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, వాడిన అడుగు పూలు ఒక్కొక్కటే గిల్లి సాసర్లో వరసగా పేర్చి ఉన్నాయి. "నీళ్లు మార్చావా, వాసనొస్తున్నాయి" అంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి బకెట్టు ఆవిడ కుర్చీ పక్కనే పెడుతున్నాం. కోసేది ఆవిడే. నేను చూపించిన ఖరీదైన కత్తెర నచ్చలేదు, వంటింటి చిన్న చాకే కావాలంటుంది. ఏ కాడ పొడుగు, ఏ కాడ పొట్టి అని నాతో వాదిస్తుంది. మా ఆవిడ పసుపు చేమంతి పక్కన ఎర్ర గులాబీ పెడితే "కల్యాణ మండపంలా ఉంది, తీసెయ్యి" అంటుంది. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడే సమయం కాస్త తగ్గింది.

తల్లో పెట్టుకోమని నేను అడగలేదు. ఆ ఆచారం చెడ్డదనే నా అభిప్రాయం, ఆవిడ అభిప్రాయం ఆవిడది. కానీ గ్లాసులో ఉన్న పువ్వు ప్రసాదం కాదు, సౌభాగ్యం కాదు. దాని ముందు ముత్తైదువ, కానిది అన్న పట్టింపు లేదు. ఎవరు చూస్తే వాళ్లది. ఆ సందు లోంచే పూలు మళ్లీ అమ్మ చేతికొచ్చాయి.

ఈ హాల్లో నా తరగతి చదివిన అమ్మాయిలున్నారు, భర్తలు పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే కార్యదర్శి గారిని ముందుగానే ఒకటి అడిగాను. ఈ ఉదయం గేటు దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు మీ అందరికీ, ఆడా మగా అని చూడకుండా, కాడతో ఉన్న ఒక్కో చేమంతి ఇచ్చారు. ఎవరినీ దాటేయొద్దని పిల్లలకి గట్టిగా చెప్పాం. జడలో పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నారు, కొందరు చేత్తో పట్టుకుని కూర్చున్నారు, మా లెక్కల మాస్టారు జేబులో పెట్టుకున్నారు. చివరికి అవి ఎక్కడికి వెళ్లాలో తర్వాత చెప్తాను.

సరే, అమర్చడం గురించి. దీనికి కొలతలు కావాలనేవాళ్లు నాలాంటివాళ్లు. 1998లో పంపుల శిక్షణకి ఒసాకాలో మూడు నెలలున్నాను. మా హాస్టలు చూసుకునే పెద్దావిడ శనివారం సాయంత్రాలు ఇకెబానా నేర్పేది. జపాన్లో ఈ విద్య గుళ్లో బుద్ధుడికి పూలు పెట్టడం నుంచి పుట్టిందట. క్యోటోలో రొక్కకుదో గుడి పూజారుల వంశం, ఇకెనొబో, దానికి మూలం. అంటే వాళ్లదీ మనలాగే దేవుడి పువ్వే, గుళ్లోంచి ముందుగదికి నడిచొచ్చింది. ఆవిడ నేర్పింది 1927లో సోఫూ తెషిగహరా పెట్టిన సొగెత్సు పద్ధతి. అందులో లెక్కలుంటాయని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

పళ్లెం వెడల్పు, లోతు కలపండి. దానికి ఒకటిన్నర రెట్లు మొదటి కొమ్మ పొడవు. అందులో ముప్పాతిక రెండో కొమ్మ. దానిలో ముప్పాతిక మూడోది. పాతిక సెంటీమీటర్ల వెడల్పు, ఐదు సెంటీమీటర్ల లోతు ఉన్న పళ్లెం అనుకోండి. మొత్తం ముప్పై. మొదటి కొమ్మ నలభై ఐదు, రెండోది ముప్పై నాలుగు, మూడోది పాతిక సెంటీమీటర్లు. నిలువు నుంచి మొదటిది పదిహేను డిగ్రీలు వంచాలి, రెండోది నలభై ఐదు, మూడోది డెబ్బై ఐదు. అన్నీ ఒక్క బిందువులోంచి మొలిచినట్టుండాలి. ఒక కొమ్మ, రెండు పూలు, అయిపోయింది. డబ్బు తక్కువ, చూపు ఎక్కువ. మన బొకేల్లో యాభై పూలు కుక్కి ఒక్కటీ కనపడకుండా చేస్తాం, అది నాకు బొత్తిగా నచ్చదు.

ఇది పరాయి విద్య అనుకోకండి. హైదరాబాదులో ఉంటూ నేను చూసిన బతుకమ్మ కన్నా గొప్ప పూల నిర్మాణం ఇంకోటి లేదు. తంగేడు, గునుగు, బంతి, చేమంతి, కట్ల పూలు. కాడలన్నీ లోపలికి, పూలన్నీ బయటికి, వరస మీద వరస, పైకి పోయేకొద్దీ చిన్నదవుతూ గోపురంలా. లోపల ఆకులు, కాడల ముక్కలు నింపి బిగువు తెస్తారు. సద్దుల బతుకమ్మ నాడు మా పక్కింటావిడ మనిషి నడుం ఎత్తు పేర్చింది, జిగురు లేదు, ఇనుప తీగ లేదు, తలమీద పెట్టుకుని చెరువు దాకా నడిచింది. స్ట్రక్చరల్ ఇంజినీర్లు వచ్చి చూడాలి. కాడ విలువ తెలిసిన ఊళ్లు మనకీ ఉన్నాయి.

పాత్రల కోసం షాపుకి వెళ్లక్కర్లేదు. అటక మీద అమ్మమ్మల ఇత్తడి చెంబులు, మరచెంబులు, ఊరగాయ జాడీలు, సోలలు మూలుగుతున్నాయి. మూతి సన్నంగా ఉన్న చెంబులో మూడు కాడలు వాటంతటవే చక్కగా నిలబడతాయి. ఒక్కటి చూసుకోండి, ఇత్తడిలో, రాగిలో నిమ్మరసం నీళ్లు పోయకూడదు. చింతపండుతో తోమితే ఏమవుతుందో తెలుసుగా, ఆ లోహం కాస్తా నీళ్లలోకి దిగుతుంది. లోపల గాజు గ్లాసు పెట్టి అందులో పోయండి. మట్టికుండ ఇంకా మేలు. చెమ్మ పైకి వచ్చి ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. కింద ఓ పళ్లెం ఉంచండి, లేకపోతే టేబుల్ మీద మచ్చ పడి ఇంట్లో గొడవవుతుంది.

భోజనాల బల్ల మీద పెట్టేవి జానెడుకి మించి ఎత్తు ఉండకూడదు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనపడాలి. అక్కడ సంపంగి, మల్లె వద్దు, గుత్తివంకాయ వాసన మీదికి వాటి వాసన పోటీకి వస్తుంది. పూలు దొరకని రోజున ఆకులు చాలు. ఆ విషయంలో మనంత అదృష్టవంతులు లేరు. ఒక క్రోటన్ కొమ్మ, రెండు డ్రాసీనా ఆకులు నీళ్లలో వారాలు నిలుస్తాయి, ఒక్కోసారి వేళ్లు కూడా వేస్తాయి. నర్సరీలో కత్తిరించి కుప్ప పోసే కొమ్మల్లో హైదరాబాదు ముందుగదులు నాలుగు నింపొచ్చు.

కాడల్ని నిలబెట్టడానికి డెకరేషన్ వాళ్లు వాడే ఆకుపచ్చ ఇటుక గురించి చెప్పాలి. నొక్కితే పొడిగా రాలుతుంది కదా అని మట్టి అనుకోకండి, అది ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌తో చేసిన ప్లాస్టిక్. రాలిన ప్రతి రేణువూ కాలవలోకి పోయి అలాగే ఉంటుంది. లండన్లో పేరుపడ్డ చెల్సీ పూల ప్రదర్శనలో 2021 నుంచి దాన్ని నిషేధించారు. మనకి అరటి బోదె ఉంది. రెండంగుళాల మందాన కోసిన బోదె ముక్కలో చీపురుపుల్లతో కంత చేసి కాడ గుచ్చితే ఒకరోజు ఫంక్షనుకి తిరుగులేదు. తడి గోదావరి ఇసుక నింపిన వెడల్పు పళ్లెం ఇంకా ఎక్కువ రోజులు ఆగుతుంది. ఇవాళ ఈ వేదిక ముందున్నవన్నీ అలా చేసినవే. పిల్లలు నిన్న సాయంత్రం నాలుగు గంటలు కూర్చుని చేశారు, చప్పట్లు కొట్టేది ఉంటే వాళ్లకి కొట్టండి.

అతిథులకి ఈ రోజు బొకేలు ఎందుకివ్వలేదో కూడా చెప్పేస్తాను, కొందరు అడిగారు. జిగేలుమనే కాగితంలో చుట్టిన బొకే వేదికెక్కాక దానికి చుక్క నీళ్లుండవు. ఫోటో తీసుకున్నాక కుర్చీ కిందకి పోతుంది, మర్నాడు ఊడ్చేవాళ్ల చేతికి. పండగ అయిపోయాక ధర పడిపోతే మన రైతులు బంతిపూలు రోడ్డు పక్కన పారబోసి ఇంటికొస్తారు, అది చూసి పెరిగినవాళ్లం. కోసినవాడి కష్టం ఎలాగూ తిరిగి ఇవ్వలేం. ఆ పువ్వుని నాలుగు రోజులు బతికించడం మన చేతుల్లో ఉన్న పని.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న చేమంతుల సంగతి. స్టేజి వెనక బోరు పంపు పక్కన ఆరు బకెట్లు నీళ్లు పెట్టించాను. భోజనానికి వెళ్లే ముందు మీ పువ్వు అక్కడ ఇవ్వండి, జేబులో పెట్టుకున్నవాళ్లు కూడా. పిల్లలు నీళ్లలో ముంచి కాడ కోసి నిలబెడతారు. సాయంత్రం ఇళ్లకి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు మూడేసి తీసుకెళ్లండి, వేదిక మీది జెర్బెరాలు, సంపంగులు కూడా కలిపి. కాడలకి చుట్టుకోవడానికి తడి గుడ్డముక్కలు సిద్ధంగా ఉన్నాయి. చెన్నై, బెంగళూరు రైలెక్కేవాళ్లు వాటర్ బాటిల్ సగం కోసి అందులో పెట్టుకోండి, జెర్బెరా అయితే నాలుగు వేళ్ల నీళ్లే పోయాలి, మర్చిపోకండి. చాకులు రెండే ఉన్నాయి, తోసుకోకుండా లైన్లో రండి. గురువులు ముందు.